ఆఖరి జీతం గారికి ఒక మాజీ ఉద్యోగి రాయునది

గౌరవనీయులైన ఆఖరి జీతం గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, నేనిక్కడ క్షేమం. మీరక్కడ క్షేమమని తలుస్తాను. అయితే ఆ 'అక్కడ' ఎక్కడో నాకింకా అంతు చిక్కలేదు. పేరోల్ వాళ్లనడిగితే ఫైనాన్స్‌లో ఉన్నారంటారు. ఫైనాన్స్ వాళ్లనడిగితే హెచ్‌ఆర్ అప్రూవల్ రావాలంటారు. హెచ్‌ఆర్ వాళ్లు 'ప్రాసెస్‌లో ఉంది' అని ఊరుకుంటారు. ఈ ప్రాసెస్ అనే ఊరికి బస్సెక్కడ దొరుకుతుందో చెబితే నేనే వచ్చి మిమ్మల్ని వెంటబెట్టుకుని తెచ్చుకుంటాను.

మీ అన్నలు ఎంత బుద్ధిమంతులండీ! నాలుగేళ్లలో నలభై ఏడుగురు వచ్చారు, ఒక్కరూ మాట తప్పలేదు. నెలాఖరు రాత్రి నేను నిద్రలో ఉండగా చప్పుడు చేయకుండా అకౌంట్‌లో దూరి, తెల్లారేసరికి ఫోన్‌లో ఒక మెసేజ్ పెట్టేవారు. (పదో తారీఖుకల్లా ఒక్కరూ మిగిలేవారు కాదనుకోండి, అది వేరే సంగతి.) నలభై ఎనిమిదోవారు మీరు, కడగొట్టు సంతానం. కడగొట్టువాళ్లకి గారాబం ఎక్కువని తెలుసు. మరీ ఇంతా? ఐదేళ్లు నిండలేదు కాబట్టి గ్రాట్యుటీ అనే మీ మేనత్తగారి మీద నాకు మొదట్నుంచీ ఆశ లేదు. మీ మీదే పెట్టుకున్నాను.

నా వైపు నుంచి లోపం చేశానా అని చాలాసార్లు ఆలోచించాను. నోటీస్ పీరియడ్ 60 రోజులూ పనిచేశాను. చివరి రోజు నో డ్యూస్ ఫారం పట్టుకుని ఏడు డిపార్ట్‌మెంట్లు తిరిగాను. అందులో ఒక గడి లైబ్రరీది. మా ఆఫీసులో లైబ్రరీ లేదు. అయినా ఆ గడి నిండకపోతే ఫారం ముందుకు కదలదన్నారు. ఆఖరికి అడ్మిన్ కుర్రాడే, నేను పుస్తకాలేమీ బాకీ లేనని సంతకం పెట్టాడు. తాను లైబ్రేరియన్‌నని పాపం అతనికీ అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రం ఆరు కొట్టగానే నా ఆఫీసు మెయిల్ ఆగిపోయింది. అంత చురుకైన ప్రాసెస్ ఆ సంస్థలో ఉందని నాలుగేళ్లలో నాకు తెలియనే తెలియదు. మీ వివరాలున్న సెటిల్‌మెంట్ షీట్ పోర్టల్‌లో పెట్టామన్నారు. పోర్టల్ తెరవాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ ఆఫీసు మెయిల్‌కి వస్తుంది. మాజీలు లోపలికి రాకూడదు, మాజీల లెక్కలు మాత్రం లోపలే ఉంటాయి.

ఒక తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఊరు మారే హడావిడిలో పాత శాలరీ అకౌంట్ మూసేశాను. కౌంటర్‌లో ఆవిడ 'ఇంకేమైనా క్రెడిట్ రావాలా సార్?' అని అడిగింది కూడా. ట్రక్కువాడు కింద హారన్ కొడుతున్నాడు, 'ఏమీ లేదండీ' అనేశాను. ఆ నాలుగు సెకన్లకి ఇప్పటిదాకా నాలుగు నెలలు కట్టుకున్నాను. మీరు పాపం ఒకసారి వచ్చారట, తలుపు తట్టారట, తాళం చూసి వెనక్కి వెళ్లిపోయారట. ఇది చదివేవాళ్లెవరైనా సామాన్లు సర్దుతుంటే ఒక్క మాట: అకౌంట్ మూయడం ఆఖరి జీతం పడ్డాక పెట్టుకోండి. పే స్లిప్పులు కూడా మెయిల్ బతికుండగానే దించుకోండి.

అకౌంట్ లేదు కనక చెక్కు పంపుతామన్నారు. కొత్త అడ్రసు ఎగ్జిట్ ఫారంలో రాశాను, మెయిల్‌లో రాశాను, ఫోన్‌లో పిన్‌కోడ్ ఒక్కో అంకే పలికి మరీ చెప్పాను. మీరు బయల్దేరారు. పాత ఇంటికి.

అక్కడ దిగిన కొత్తాయన మంచివాడు, వాట్సాప్‌లో ఫొటో పంపాడు. పొడుగాటి తెల్ల కవరు, మధ్యలో ప్లాస్టిక్ కిటికీ. ఆ కిటికీలో నా పేరు, పేరు కింద నేను వదిలేసిన ఇంటి నంబరు. కాగితం కాస్త కిందికి జారినట్టుంది, పైన 'పే' అన్న ముక్క మాత్రం కనిపిస్తోంది. పెద్దది చేసి చూశాను. మిమ్మల్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఉంచండి, మనిషిని పంపిస్తానని మెసేజ్ కొట్టేలోపు ఆయన మర్యాదస్తుడు కాబట్టి పోస్ట్‌మ్యాన్‌కి తిరిగిచ్చేశాడు.

ఆఫీసుకి ఫోన్ చేస్తే 'డెలివర్డ్ అని చూపిస్తోంది సార్' అన్నారు. నిజమే. వాళ్లకే డెలివరీ అయింది.

అక్కడ ఎవరి సొరుగులో పడుకున్నారో గానీ మీ వయసు అయిపోయింది. చెక్కు మీద వేసిన తేదీ నుంచి 3 నెలలే దాని ఆయుష్షు. ఇదివరకు 6 నెలలుండేది, 2012 ఏప్రిల్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు సగానికి కోసింది. కాబట్టి మీరు మళ్లీ పుట్టాలి. పుట్టాలంటే కొత్త అప్రూవల్. అప్రూవల్ ఇవ్వాల్సిన హెచ్‌ఆర్ మేడమ్ ఈలోగా ఉద్యోగం మానేసింది. బహుశా ఆవిడా ఎక్కడో కూర్చుని మీ చెల్లెలి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

కొత్తగా వచ్చినతను నా మొదటి మెయిల్‌కి ఇచ్చిన జవాబు: 'మీరు ఎవరు?'

సెటిల్‌మెంట్ షీట్ మాత్రం ఎలాగో తెప్పించుకున్నాను. అందులో రికవరీ అనే కాలమ్ ఉంది, దాన్ని మాత్రం ఎంతో శ్రద్ధగా నింపారు. 'మౌస్ - 1.' అప్పగించినట్టు సంతకం నా దగ్గరుంది. 'నోటీస్ తక్కువ - 1 రోజు.' ఎందుకయ్యా అంటే అరవయ్యో రోజు ఆదివారం పడిందట, నేను శుక్రవారం సాయంత్రమే వెళ్లిపోయానట. తొమ్మిది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కోసిన వాళ్లు కదా, రోజులు లెక్కపెట్టడం రాదని ఎలా అంటాం?

చట్టాలకైతే మీరంటే వల్లమాలిన ప్రేమ. భారతదేశంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ ప్రకారం మనిషి రాజీనామా చేసినా, వాళ్లే తీసేసినా, జీతం బకాయి 2 పనిదినాల్లో ఇచ్చేయాలి. మా వాళ్ల మెయిల్‌లో '45 పనిదినాలు' అని ఉంది. రెండూ పనిదినాలే, తేడా ఎవరి పని అన్నదాంట్లో ఉన్నట్టుంది. అదే కాలిఫోర్నియాలో అయితే చెప్పకుండా మానేసిన వాళ్లకి కూడా 72 గంటల్లో చేతిలో పెట్టాలి, పోస్టులో పంపమని అడిగే హక్కూ ఉంది. కావాలని ఆపితే ఆపిన ప్రతి రోజుకీ ఒక రోజు జీతం చొప్పున 30 రోజుల దాకా జరిమానా. అక్కడ పుట్టి ఉంటే మీరు పరిగెత్తుకుంటూ వచ్చేవారు.

ఆ 17వ సెక్షన్ పేరెత్తి ఒక మెయిల్ రాశాను. నాలుగు నెలల్లో రాని జవాబు పదకొండు నిమిషాల్లో వచ్చింది. అందులో ఒక టికెట్ నంబరు ఉంది.

అంతకుముందు రాసిన మెయిల్స్ నిన్న రాత్రి వరసగా చదువుకున్నాను. అసలు సిగ్గుపడాల్సిన సంగతి అక్కడుంది. మొదటిదాంట్లో 'మీ వీలు చూసుకుని' అని రాశాను. మూడోదాంట్లో 'ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి' అని. ఎవరు ఎవరిని ఇబ్బంది పెడుతున్నట్టు? పని చేశాను, డబ్బు రావాలి. ఇందులో క్షమాపణ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు. ఇక్కడ తిరగబడింది. అప్పున్నవాళ్లు కుర్చీలో కూర్చున్నారు, ఇచ్చినవాడు ఫోన్‌లో హోల్డ్ మ్యూజిక్ వింటున్నాడు. ఆ ట్యూన్ ఇప్పుడు మా పాప కూడా పాడుతోంది.

కాబట్టి మీకు నా మనవి. ఇకపై క్షమాపణలు రాయను. ఈసారి వచ్చేటప్పుడు కొత్త అకౌంట్‌కే రండి, క్యాన్సిల్ చేసిన చెక్కు కాపీ మూడుసార్లు పంపాను. ఆ ఒక్క రోజు జీతాన్నీ వెంటబెట్టుకు రండి, ఆదివారాలు దాని తప్పు కాదు. మౌస్ సంగతి తర్వాత చూసుకుందాం.

ఇట్లు,
మీ నలభై ఏడుగురు అన్నల్నీ బాగా చూసుకున్న,
మాజీ ఎంప్లాయీ

తా.క.: కొత్త అడ్రసు ఈ ఉత్తరం వెనక మళ్లీ రాశాను. ఆరోసారి. బయల్దేరేముందు ఓటీపీ లాంటిదేమైనా పంపాల్సి వస్తే, దయచేసి ఆఫీసు మెయిల్‌కి పంపకండి.