పెట్ ఫ్రెండ్లీ పంజా గుర్తు గారికి ఓ బహిరంగ లేఖ

పంజా గుర్తు గారూ, నమస్కారం.

హోటల్ బుకింగ్ యాప్‌లో ఫిల్టర్లు తెరిస్తే స్విమ్మింగ్ పూల్‌కీ ఫ్రీ వైఫైకీ మధ్యలో బుద్ధిగా కూర్చుని ఉంటారే, మీకే రాస్తున్నా. మా ఇంట్లో 28 కిలోల లాబ్రడార్ ఉంది, పేరు బుజ్జి. పేరు చూసి సైజు అంచనా వేసుకోకండి, ఆ పని ఇప్పటికే ఒక రిసెప్షన్‌లో చేసేశారు.

మిమ్మల్ని టిక్ పెట్టగానే హోటళ్ల లిస్టు బాగా తగ్గిపోతుంది, పోన్లే ఉన్నవే చాలనుకుని ఒకటి ఓపెన్ చేసి, ఫొటోలు దాటి, రివ్యూలు దాటి, చెక్-ఇన్ టైమ్ కూడా దాటి కింద చిన్నక్షరాల దాకా వెళ్తే అప్పుడు కనబడుతుంది అసలు సంగతి, 'రిక్వెస్ట్ మీద అనుమతిస్తాం, ఛార్జీలు వర్తించవచ్చు' అని. ఎవరికి పెట్టుకోవాలండీ ఆ రిక్వెస్టు? ఆ ఛార్జి రాత్రికా, ఉన్నన్ని రోజులకీ కలిపా, ఒక్కో తలకా, తిరిగిచ్చే డిపాజిట్టా, ఇక దాన్ని మర్చిపోవాల్సిందేనా? ఇవేవీ ఉండవు. సరే అని హోటల్‌కే ఫోన్ చేస్తే 'అలా పెట్టారా అండీ యాప్‌లో?' అని వాళ్లు మనల్నే అడుగుతారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే, కాకపోతే ఇక్కడ వరమిచ్చిన సంగతి పూజారికి తెలీను కూడా తెలీదు.

తెలిసిన చోట ఇంకో రకం. ఒక హోటల్లో రిసెప్షన్ ఆయన కౌంటర్ మీంచి ముందుకు వంగి, మా బుజ్జిని ముక్కు నుంచి తోక దాకా ఒకసారి, తోక నుంచి ముక్కు దాకా ఇంకోసారి చూసి, 'చిన్న కుక్కలకేనండీ' అన్నారు. చిన్న అంటే ఎంత? పది కిలోలా, పదిహేనా? ఎక్కడా రాసి లేదు. బుజ్జి మాత్రం ఆయనకి నచ్చాలని తోకతో కౌంటర్‌ని టపటపా కొడుతూనే ఉంది పాపం. చివరికి కనికరించి ఇచ్చిన గది వెనకాల జనరేటర్ పక్కన, సిగరెట్ వాసన కొడుతూ. కుక్క వాసన వస్తుందని అడ్వాన్స్‌గా క్లీనింగ్ ఫీజు కట్టించుకున్నది ఆ గదికే.

మీ రూల్స్‌లో నాకు బాగా నచ్చిన జంట ఒకటుంది. పెట్‌ని గదిలో ఒంటరిగా వదలకూడదు, రెస్టారెంట్‌లోకి తేకూడదు. విడివిడిగా చూస్తే రెండూ న్యాయమే, కొత్త చోట ఒంటరిగా వదిలేస్తే మొరుగుతాయి, తలుపు గీకేస్తాయి, పక్క గదివాళ్లు ఏం పాపం చేశారు, భోజనాల దగ్గర కుక్క ఉంటే ఇబ్బంది పడేవాళ్లూ ఉంటారు, ఒప్పుకుంటా. కానీ రెండూ కలిపి పాటిస్తే మనిషి ఎక్కడ తినాలో కూడా రాయండి మరి. ఇద్దరు వెళ్తే ఒకరు తింటుంటే ఇంకొకరు బయట లీష్ పట్టుకుని నిలబడి డ్యూటీ మార్చుకోవచ్చు, ఒక్కరే వెళ్తే గదిలో మంచం అంచున కూర్చుని పార్సిల్ విప్పుకోవడమే, ఎదురుగా రెప్ప వెయ్యకుండా చూసే రెండు కళ్లతో సహా.

మీ కన్నా విమానాలవాళ్లు నయమండీ, నిజంగా. వాళ్లు చుక్కలు చూపిస్తారు గానీ ఎన్ని చుక్కలో ముందే చెప్తారు. చాలా ఎయిర్‌లైన్స్‌లో క్యాబిన్‌లోకి బ్యాగుతో కలిపి 7, 8 కిలోలే, అంతకు మించితే కింద కార్గోలోకి. అక్కడికి కావాల్సిన క్రేట్‌కి, అంటే కుక్కని పెట్టే పెట్టెకి, విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా ఏకంగా ఫార్ములా ఇచ్చింది, ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకి నేల నుంచి ముందుకాలి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు, భుజాల వెడల్పు రెండింతలు చేస్తే దాని వెడల్పు, నిలబడితే తల గానీ చెవులు గానీ పైన తగలకూడదు. మేం టేప్ పెట్టి కొలవబోతే బుజ్జి ఆ టేప్‌నే నమిలేసిందనుకోండి, అది వేరే విషయం. పగ్‌లు, బుల్‌డాగ్‌ల్లాంటి చప్పిడి ముక్కువాటిని కార్గోలో అసలు తీసుకోమని చాలామంది మొహం మీదే చెప్తారు, వాటికి వేడికీ ఒత్తిడికీ ఊపిరి ఆడదు కాబట్టి. పోనీ మత్తు ఇచ్చి పడుకోబెడదామా అంటే డాక్టర్లే వద్దంటారు, ఊపిరికీ బ్యాలెన్స్‌కీ ప్రమాదమని. కాదన్నా కారణంతో కాదంటారు, కోపం రాదు.

దేశాలు ఇంకా నిక్కచ్చి. యూరోపియన్ యూనియన్‌లోకి వెళ్లాలంటే ముందు మైక్రోచిప్, తర్వాతే రేబిస్ సూది, క్రమం తలకిందులైతే ఆ సూది లెక్కలోకే రాదు, మొదటి సూది అయితే 21 రోజులు ఆగాలి. కొన్ని దేశాల నుంచి వెళ్తే సూది వేసిన 30 రోజులకి రక్తపరీక్ష కూడా చేయించి, ఇంకో మూడు నెలలు కూర్చోవాలి. జపాన్ అయితే ఆ ఆగడమే 180 రోజులు. బ్రిటన్‌కి విమానంలో తీసుకెళ్తే క్యాబిన్ లేదు, సహాయక కుక్కలకి తప్ప అందరికీ కార్గోయే. ఆస్ట్రేలియా సంగతి హాలీవుడ్ నటుడు జానీ డెప్‌ని అడగండి, 2015లో పిస్టల్, బూ అనే రెండు బుల్లి కుక్కల్ని ప్రైవేట్ జెట్‌లో చెప్పకుండా తీసుకెళ్తే, గడువులోగా వెనక్కి పంపుతారా, చంపించమంటారా అన్నాడు అక్కడి వ్యవసాయ మంత్రి. కర్కశమే, కానీ రిక్వెస్ట్ మీద అనుమతిస్తాం లాంటి నసుగుడు లేదు కదా అందులో.

మీరు మాత్రం నోటితో పలకరిస్తూ నొసటితో వెక్కిరిస్తారు. మేమేమీ గొంతెమ్మ కోరికలు కోరట్లేదు. పక్కన ఎన్ని కిలోల దాకానో ఒక అంకె, మొత్తం ఎంత కట్టాలో ఇంకో అంకె, గదిలో వదలొచ్చో లేదో ఒక్క ముక్క, దగ్గర్లో కుక్కని తిప్పడానికి కాస్త గడ్డి ఉందో లేదో ఇంకో ముక్క. రూఫ్‌టాప్ బార్ గురించి నాలుగు పేరాలు రాయగలిగినవాళ్లకి ఇదో లెక్కా?

అవి వచ్చేదాకా మేం మీ మీద టిక్ పెట్టినా హోటల్‌కి ఫోన్ చేస్తూనే ఉంటాం, జాతీ బరువూ చెప్పి, ఒప్పుకుంటే అదే ఈమెయిల్‌లో రాసివ్వమంటాం, అది ప్రింట్ తీసి టీకా కార్డుతో పాటు పెట్టుకుంటాం, క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కొచ్చే రూమ్‌లే బుక్ చేస్తాం. హోటల్‌వాళ్లు విసుక్కుంటే మిమ్మల్నే విసుక్కోమనండి.

ఇట్లు,
బుజ్జి తాలూకు మనిషి

తా.క.: పిల్లిని పెంచే మా ఫ్రెండ్ కూడా మిమ్మల్ని ఒక మాట అడగమంది. ఒక హోటల్లో మీ బొమ్మ చూసి వెళ్తే, 'కుక్కలకే అండీ, పిల్లులకి మేనేజర్‌ని అడగాలి' అన్నారట. మేనేజర్ సెలవులో ఉన్నాడట.