సగటు ఒక్కటే చెబితే సరిపోదు

పిల్లల మార్కుల రిపోర్టు రాగానే చాలామంది ముందు చూసేది క్లాసు సగటు. మనవాడికి అంతకంటే ఎక్కువొస్తే హమ్మయ్య అనుకుంటాం, తక్కువొస్తే టెన్షన్. మిగతావాళ్ల మార్కులు ఆ సగటుకి ఎంత దగ్గరగా, ఎంత దూరంగా ఉన్నాయని మాత్రం అడగం. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే.

ఒక క్లాసులో ఐదుగురి మార్కులు 68, 69, 70, 71, 72 అనుకోండి. ఇంకో క్లాసులో 40, 55, 70, 85, 100. రెండింటికీ సగటు 70, మధ్యగతమూ (వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) 70. కేంద్రం ఎక్కడుందో చెప్పడంతో ఆ రెండు అంకెల పని అయిపోయింది. అదే ప్రామాణిక విచలనం (మార్కులు సగటుకి ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) చూస్తే మొదటి క్లాసుకి సుమారు 1.4, రెండోదానికి 21. 75 తెచ్చుకున్న అమ్మాయి మొదటి క్లాసులో చేరితే ఫస్టు, రెండో క్లాసులో చేరితే మూడో స్థానం. సగటు కంటే ఐదు మార్కులు ఎక్కువ రావడం గొప్పా కాదా అన్నది తేల్చేది ఈ విస్తరణే, అంటే మార్కులు ఎంత చెదిరి ఉన్నాయన్నదే.

స్కూల్లో ఈ విచలనం లెక్క అందరం చేసినవాళ్లమే. సగటు నుంచి తేడాలన్నీ కూడితే ఎప్పుడూ సున్నాయే వస్తుంది కాబట్టి ఒక్కో తేడాని దానితోనే గుణించి వర్గం చేస్తామని, ఆ కారణం కూడా చెప్పి నేర్పితే ఎంత బాగుండేదో!

మార్కుల సంగతి అటుంచితే, ప్రాణాల దగ్గర ఈ తేడా ఇంకా పెద్దది. జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్‌కి 1982లో అరుదైన క్యాన్సర్ బయటపడింది. ఆ జబ్బు తెలిశాక బతికే కాలానికి మధ్యగతం ఎనిమిది నెలలని ఆయన చదివారు. ఇక ఎనిమిది నెలలే అని కుంగిపోకుండా, మిగతా సగం మంది ఎంతకాలం బతికారని ఆలోచించారు. ఆ కాలాన్ని గ్రాఫు గీస్తే ఎడమవైపు సున్నా దగ్గర ఆగిపోతుంది, కుడివైపు ఏళ్ల తరబడి సాగవచ్చు. వయసు, జబ్బు త్వరగా బయటపడడం లాంటివి చూసుకుని, తాను కుడివైపే ఉండే అవకాశం ఎక్కువని లెక్కగట్టారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికారు. 2002లో ఆయన చనిపోయింది వేరే క్యాన్సర్‌తో.

ఈసారి టీచర్‌ని కలిసినప్పుడు, మధ్యలో ఉన్న సగం మంది మార్కులు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉన్నాయో అడగండి. అత్యధికం, అత్యల్పం మాత్రమే అడిగితే ఒక్క పిల్లాడికి సున్నా వచ్చినా క్లాసు బొమ్మంతా మారిపోతుంది.