మహారాజశ్రీ బాసింపట్టు వారికి

మహారాజశ్రీ బాసింపట్టు గారి దివ్యసముఖమునకు,

కోనసీమ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఉభయ అని అలవాటుకొద్దీ రాశాను గానీ, ఇక్కడ కుశలం ఎడమ పక్కనే ఉంది. కుడి తుంటి కీలు పనయిపోయింది. దసరా వెళ్లిన సోమవారం కాకినాడలో దాన్ని తీసేసి కొత్తది వేస్తున్నారు. ఆ సంగతి తమరికి వేరేవాళ్లు చెప్పేకంటే నేనే చెప్పడం మర్యాద.

నిజానికి ఈ ఆపరేషను కబురు విన్న దగ్గర్నుంచి ఊళ్లో అందరి బెంగా మీ గురించే. "అయ్యో మాస్టారూ, ఇంక కింద కాళ్లు మడిచి కూర్చోలేరాండీ?" అని గుమ్మంలోనే మొదలుపెడుతున్నారు. ఏడాదిన్నరగా నేను కాలవగట్టు మీద టీకొట్టు దాకా నడవలేకపోతున్నాను. రాత్రి పక్కకి తిరగాలంటే మా ఆవిడని లేపాల్సి వస్తోంది. కుడికాలి గోళ్లు నేనే తీసుకుని ఎన్నాళ్లయిందో. వీటికి ఒక్కరూ "అయ్యో" అనలేదు. బాసింపట్టు పోతుందనేసరికి మాత్రం పళ్లు పట్టుకుని పరామర్శకి వచ్చేశారు. మొన్న ఆదివారం ఒక్కరోజే పద్నాలుగు మంది. "నేల మీద కూర్చోని బతుకు ఒక బతుకేనా" అని ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు కూడా.

పద్నాలుగు మందికీ మేం ప్లాస్టిక్ కుర్చీలే వేశాం. సరిపోక పక్కింటి నుంచి నాలుగు తెచ్చాం. ఒక్కరూ కింద కూర్చోలేదండీ.

ఇది మీకు తెలియని సంగతి కాదు. మా ఊళ్లో పెళ్లి భోజనాలు బల్లల మీదకి ఎక్కి చాలాకాలమైంది. ఇప్పుడు నిలబడి తినడం దాకా వచ్చాయి. సంక్రాంతి అల్లుళ్లు డైనింగ్ టేబుల్ దగ్గర ఫోను చూసుకుంటూ తింటున్నారు. వినాయకచవితి పూజకి మా వీధిలో సగం ఇళ్లల్లో యజమాని స్టూలు మీద కూర్చుంటున్నాడు. మిమ్మల్ని అందరూ ఎప్పుడో వదిలేశారు. వదిలేసినట్టు కాగితం మీద సంతకం పెట్టింది నేనొక్కడినే కాబట్టి నిందంతా నామీద పడింది.

మీ పాలన నాకు బాగా గుర్తుంది. మా నాన్నగారు విస్తరి వేశాక మా మోకాళ్ల వంక చూసేవారు. ఏ మోకాలైనా కాస్త పైకి లేచిందో, "మఠం వేసుకు కూర్చోనివాడికి అన్నం ఒంటబట్టదురా" అనేవారు. మా నాన్నగారికి మీరు మఠం, మా అమ్మకి బాసింపట్టు, యోగా మాస్టారికి సుఖాసనం. ఆ మూడో పేరు పెట్టినాయనకి తుంటి కీళ్లు రెండూ భేషుగ్గా ఉండి ఉండాలి. బళ్లో మీరే, బంతిలో మీరే, వ్రతంలో మీరే, తద్దినంలో మీరే. మనిషి మంచివాడా కాదా అన్నది మోకాలు నేలకి ఎంత దగ్గరగా ఉందో చూసి చెప్పేసేవారు.

అలాంటి మీరు నన్ను ఎక్కడ వదిలేశారండీ? మా అమ్మాయి పెళ్లి పీటల మీద!

కన్యాదానం. వీడియో తిరుగుతోంది. కుడికాలు మడవబోతే గజ్జల్లో మేకు దిగినట్టయింది. రెండోసారి ప్రయత్నిస్తే చెమటలు పట్టాయి. ఇక లాభం లేదని కాలు చాపేశాను. చాపిన కాలు సరిగ్గా అల్లుడి గారి ముందుకు వెళ్లింది. ఇత్తడి పళ్లెం నా పాదం పక్కన, చెంబు మా ఆవిడ చేతిలో. పంతులుగారు మంత్రం ఆపి నా చెవి దగ్గరకి వంగి, "మాస్టారూ, కడగాల్సినవి వారి కాళ్లండి" అన్నారు. పెళ్లి చూడనివాళ్లు కూడా మా ఇంటికొచ్చి ఆ ముక్క వేయించుకుని చూసి వెళ్తారు. తతంగం అయ్యాక లేవలేకపోతే మా బావమరిది వెనక నుంచి చంకల కింద చేతులు పెట్టి ధాన్యం బస్తా లేపినట్టు లేపాడు.

అప్పుడైనా నాకు తుంటి మీద అనుమానం రాలేదు. నొప్పి ఎక్కువగా మోకాల్లో తెలిసేది మరి. ఏడు నెలలు ఆ మోకాలికి కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె రాశాం, ఇసక కాపడం పెట్టాం, మోకాలికి ఎక్సరే తీయించాం. ఎక్సరేలో అది ముత్యంలా ఉంది. తుంటి పాడైతే నొప్పి గజ్జల నుంచి తొడ ముందువైపుగా దిగి మోకాల్లో పలుకుతుందట. వెనక బెంచీవాడు ఈల వేస్తే ముందు బెంచీవాడిని కొట్టినట్టయింది. నా సర్వీసులో అలా చాలామందిని కొట్టాను. ఇప్పుడు ఆ పాపాలన్నీ వరసగా గుర్తొస్తున్నాయి.

ఎముకల డాక్టరు నన్ను పడుకోబెట్టి, మోకాలు ముట్టుకోకుండా, కాలు ఎత్తి పాదం అటూ ఇటూ తిప్పాడు. నా అరుపు బయట టోకెన్లు తీసుకునేవాళ్లకి వినపడింది. "కింద కూర్చోవడం ఎప్పుడు మానేశారు?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. తుంటి చెడినప్పుడు చాలామందిలో ముందుగా తప్పుకునేది మీరేనట. అంటే మా అమ్మాయి పెళ్లిలో మీరు నన్ను అల్లరి పెట్టలేదు, కబురు చెప్పారు. వినలేదు నేను. ఈ ఒక్క విషయంలో క్షమాపణ అడుగుతున్నాను. మిగతావాటిలో కాదు.

జబ్బు పేరు పెద్దదే గానీ డెల్టావాళ్లకి అర్థం కానిది కాదు. తొడ ఎముక పైకొస పెద్ద నిమ్మకాయంత బంతి. దానికి రక్తం తెచ్చే నాళాలు సన్నవి, ఎముక మెడ చుట్టూ తిరిగి పైకెక్కి రావాలి. శివారు ఆయకట్టు అన్నమాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మా వాళ్ల గొడవ అదే కదా, కాలవ హెడ్డు దగ్గరివాడికి గట్టు తెగేంత నీరు, శివారువాడికి ఎదురుచూపులు. నా బంతికి నీరు ఆగిపోయింది. లోపలి ఎముక చచ్చి, పైపెంకు కుంగిపోయింది. ఎమ్మారై ఫొటో చూసి మా బావమరిది, "కుళ్లుకాయ బావా, బయటికి తెలీదు" అన్నాడు. కొబ్బరి వ్యాపారం వదిలి టైల్స్ షాపు పెట్టి పదేళ్లయినా వాడికి కాయ చూపు పోలేదు.

నీరు ఆపింది ఎవరంటే, అదీ చెప్పాలి. నడుంనొప్పికని నాలుగేళ్లపాటు ఒకాయన దగ్గర పొట్లాల్లో కట్టిచ్చే బుల్లి తెల్ల మాత్రలు వాడాను. వేసుకున్న పూటే గుణం. "ఆయన చెయ్యి మంచిదండీ" అని నేనే పదిమందిని పంపాను. మంచిది చెయ్యి కాదు, స్టెరాయిడ్. డాక్టరు చూస్తూ పక్కాగా లెక్క కట్టి ఇస్తే ప్రాణం నిలబెట్టే మందే అది. లెక్క లేకుండా ఏళ్ల తరబడి మింగితే ఇలా ఎముకకి రక్తం అందకుండా చేస్తుంది. అతిగా తాగేవాళ్లకీ ఇదే వస్తుందట. ఆ మాట తెలిసిన దగ్గర్నుంచి మా వీధి నన్ను కొంచెం కొత్తగా చూస్తోంది.

సరే, ఆపరేషను. మీకు బదులుగా వచ్చేవారి గురించి నాలుగు ముక్కలు చెబుతాను, వినండి. వారిదీ చిన్న కథ కాదు. 1891లో జర్మనీలో గ్లక్ అనే డాక్టరు ఏనుగు దంతంతో తుంటి బంతి చేసి పెట్టాడట. తర్వాత ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే ఆయన స్టీలు బంతికి టెఫ్లాన్ గిన్నె అమర్చాడు. అట్ల పెనానికి పూస్తారే, అదే టెఫ్లాన్. అట్టు అంటుకోలేదు గానీ గిన్నె కొన్నాళ్లకే అరిగిపోయింది. ఆ అరుగుడు పొడికి ఒళ్లు ఎలా తిరగబడుతుందో చూడాలని ఆ పదార్థాన్ని ఆయన తన తొడలోనే పెట్టుకుని చూసుకున్నాడు. మేం లెక్క తప్పితే బోర్డు తుడిచేసి మళ్లీ చేస్తాం. ఈయన తప్పిన లెక్కని తన తొడ మీద చేసుకున్నాడు. 1962లో పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ గిన్నె పెట్టాక లెక్క కుదిరింది. ఇవాళ్టికీ దారి అదే, సరుకు మెరుగైంది అంతే. వేసినవాటిలో పాతికేళ్ల తర్వాత కూడా పదింట దాదాపు ఆరు పనిచేస్తూనే ఉంటున్నాయి. అప్పటికి నాకు 88. ఆ పైన అరిగితే అరగనీ.

నాకు పడేది టైటానియం కాడ, సెరామిక్ బంతి, ప్లాస్టిక్ గిన్నె. సెరామిక్ అనగానే మా బావమరిది, "మన షాపులో ఉన్నదే కదా బావా, రెండడుగుల ముక్క తీసుకెళ్లు" అన్నాడు. ఆసుపత్రి బిల్లు అంచనా కాగితం చూసి మా ఆవిడ కూడా ఒక్క క్షణం ఆ మాట ఆలోచించింది.

ఈలోగా తుంటి పరీక్షలకి వెళ్తే పన్ను పీకారు. నవ్వకండి. తుంటి మీద కొడితే పళ్లు రాలాయనే సామెత ఎగతాళికి పుట్టిందనుకున్నాను ఇన్నాళ్లూ. నోట్లో చీము ఉంటే ఆ క్రిములు రక్తంలో పడి కొత్త కీలు దగ్గర కాపురం పెడతాయట. అందుకని ముందు పళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. మా అత్తగారు పంచాంగం తీసి సోమవారం వద్దన్నారు. డాక్టరు తనకి ఖాళీ సోమవారమే అన్నాడు. రాహుకాలం వెళ్లాక మొదలుపెట్టేట్టు ఇద్దరికీ నేనే రాజీ కుదిర్చాను. రాహుకాలానికి నేనెలాగూ మత్తుకి ముందు ఖాళీ కడుపుతో ఎదురుచూస్తూ ఉంటాను కాబట్టి నష్టం లేదు.

అసలు సంగతికి వస్తాను. ఫిజియోథెరపీ అమ్మాయి మా స్కూల్లో చదువుకున్నదే. కోణాల పాఠంలో ఎప్పుడూ కిటికీలోంచి చూసేది. ఆ అమ్మాయి ఇప్పుడు నాకు పాఠం చెప్పింది. "మాస్టారూ, తుంటి దగ్గర వంపు తొంభై డిగ్రీలు దాటకూడదండి. కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు, పడుకుంటే కాళ్ల మధ్య దిండు ఉండాలి. మూడు నెలలు గట్టిగా పాటించాలి. లేకపోతే బంతి గిన్నెలోంచి జారిపోతుందండి."

"వంపు తొంభై దాటకూడదంటే, నడుముకీ తొడకీ మధ్య కోణం తొంభైకి తగ్గకూడదు. అంటే అల్పకోణం నిషేధం, లంబకోణం హద్దు, అధికకోణం సుఖం" అన్నాను.

"ఆయ్, అప్పుడూ ఇలాగే చెప్పేవారండి. అర్థమయ్యేది కాదు" అంది.

ఇంటికొచ్చి అటక మీంచి నా పాత చెక్క కోణమానిని దింపాను. బోర్డు మీద వాడేది, రెండడుగుల పొడుగు, రిటైరైన రోజు పిల్లలు దండతో పాటు చేతికిచ్చారు. దాంతో ఇల్లంతా కొలిచాను. నులకమంచం అల్పకోణం. ముక్కాలిపీట అల్పకోణం. మా అమ్మాయి కొన్న మెత్తటి సోఫా చూడ్డానికి అధికకోణం, కూర్చున్నాక అల్పకోణం, మోసం. మా తాతగారి పడక్కుర్చీ కూర్చోవడానికి ఫరవాలేదు గానీ లేవడానికి వంగక తప్పదు. పెరటి దొడ్డి గురించి చెప్పక్కర్లేదు. అక్కడ మేస్త్రి కమోడు బిగిస్తున్నాడు. "ఎత్తు ఎంత పెట్టమంటారండీ?" అని అడిగితే నేను కోణమానిని పట్టుకొచ్చాను. అతను ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూసి, "అమ్మగార్ని పిలవండి" అన్నాడు.

మీ విషయం డాక్టరుని అడక్కపోలేదు. కొన్నాళ్లయ్యాక కొందరు కింద కూర్చుంటారట. "నా మాట వింటే మీరు మాత్రం మానేయండి" అన్నాడు. వెంటనే ఒప్పేసుకున్నాను. కాస్త బాధ నటించి ఉండాల్సింది, మా ఆవిడ పక్కనే ఉంది.

నాకు కావలసింది వేరే. ఆపరేషనైన మర్నాడే వాకరు పట్టుకుని నిలబెడతారట. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషను కాలు ముందు. ఆ సూత్రం ఇప్పటికే వరండా మెట్ల దగ్గర చాక్‌పీసుతో రాసి పెట్టుకున్నాను. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు, పాదాలు ఆడించడాలు, నెలన్నరకో ఏమో వాకరు పోయి చేతికర్ర. కర్ర ఎడమ చేత్తో పట్టుకోవాలి, చెడిన కాలు వైపు కాదు. ఇదీ లెక్కే, మీటమీద బరువుల లెక్క. సంక్రాంతి నాటికి మూడు నెలలవుతుంది. కనుమ రోజున జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు వస్తాయి, దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసే ఎత్తైన వెదురు కట్టడాలు. చిన్నప్పుడు గంగలకుర్రు ప్రభ కౌశిక నదిలో దిగుతుంటే పీకల్లోతు నీళ్లలో కేకలు వేస్తూ భుజం పట్టినవాడిని. రెండేళ్లుగా దూరంగా ఆపిన ఆటోలోంచి ప్రభల కొసలు మాత్రం చూస్తున్నాను. ఈసారి మొయ్యను, నీళ్లలో దిగను. చేను గట్టు మీద కర్రతో నిలబడి, చేతిలో జీళ్ల పొట్లంతో, మోసేవాళ్లకి అక్కర్లేని సలహాలు ఇస్తాను.

ఇంట్లో ఉన్న పీటలన్నీ మీ వస్తువులే కాబట్టి వాటి సంగతీ చెప్పేస్తాను. రెండు వాషింగ్ మెషిన్ కింద పెట్టాం. ఒకటి మేస్త్రి పట్టుకెళ్లాడు. కన్యాదానం పీట మాత్రం మా అమ్మాయి ఇవ్వనంది.

ఈ ఉత్తరం చేతుల కుర్చీలో, వెనక దిండు పెట్టుకుని, అట్ట మీద రాశాను. రాస్తూ మధ్యలో కొలిచాను. తొంభై ఆరు.

ఇట్లు,
కాలు చాపుకున్న మీ పూర్వ విద్యార్థి