సవరణ: లిబ్బీకి శిక్ష పడింది లీకు చేసినందుకు కాదు

అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో రహస్యంగా పనిచేసిన ఉద్యోగిని వాలెరీ ప్లేమ్ పేరు బయటపెట్టినందుకే స్కూటర్ లిబ్బీకి శిక్ష పడిందని, ఆ పేరు చెప్పడానికి అనుమతి ఇచ్చింది అప్పటి అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ అని మొన్న రాశాను. రెండూ తప్పే. పాత జ్ఞాపకం మీద రాసేశాను, సరిచూసుకోలేదు.

కోర్టు పత్రాలు, అప్పటి పత్రికల వార్తలు తిరగేస్తే తేలింది ఇది. ఉపాధ్యక్షుడు చెనీ దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా పనిచేసిన లిబ్బీని 2007లో జ్యూరీ దోషిగా తేల్చింది అబద్ధపు సాక్ష్యం, దర్యాప్తుకు అడ్డుపడటం, ఎఫ్‌బీఐకి తప్పుడు మాటలు చెప్పడం వంటి నేరాల మీద. లీకు చేశారన్న అభియోగం ఎవరి మీదా పెట్టలేదు. కాలమిస్టు రాబర్ట్ నోవాక్‌కు ప్లేమ్ సంగతి మొదట చెప్పింది విదేశాంగ శాఖలోని రిచర్డ్ ఆర్మిటేజ్. 2006లో ఆయనే ఒప్పుకున్నారు.

ఇక బుష్ అనుమతి. చెనీ ద్వారా తనకు అది అందిందని లిబ్బీ గ్రాండ్ జ్యూరీకి (అభియోగం పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందానికి) చెప్పిన మాట నిజమే, కానీ అది ప్లేమ్ పేరు గురించి కాదు. ఇరాక్ ఆయుధాలపై 2002 అక్టోబరు నాటి నిఘా అంచనా నివేదికలోని కొన్ని భాగాల గురించి. 2003 జులై 8న లిబ్బీ వాటిని ఒక విలేకరికి చెప్పారు. ప్రభుత్వం అధికారికంగా బయటపెట్టింది జులై 18న. ఆ పది రోజులు అది లీకా, అధ్యక్షుడి అధికారంతో రహస్య ముద్ర తీసేసిన సమాచారమా? నేను అసలు రాయాల్సింది దీని గురించి.

లిబ్బీకి పడిన 30 నెలల జైలు శిక్షను బుష్ రద్దు చేశారని, 2018లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టారని రాసింది మాత్రం సరైనదే.