రెండు రూపాయల బెడద

ఓటు కొనేవాళ్ల కష్టం ఎవరికీ పట్టదు. వీధివారీగా లిస్టులు రాయాలి, కవర్లు నింపాలి, ప్రచారం ముగిశాక మిగిలే 48 గంటల్లో కుక్కలు కూడా మొరగకుండా గడప గడపా తిరగాలి. అంత చేసి ఓట్లు పోగేస్తే, ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49-జె అని ఒకటుంది, అది మా పొట్ట కొడుతోంది.

ఓటరు ముసుగులో మరెవరో వచ్చారని పోలింగ్ ఏజెంటుకు అనుమానం వస్తే, ప్రిసైడింగ్ అధికారి దగ్గర రెండు రూపాయలు జమచేసి అభ్యంతరం చెప్పొచ్చు. అక్షరాలా రెండు. ఆ డబ్బుకు ఇవాళ టీ కూడా రాదు. అధికారి అక్కడికక్కడే విచారిస్తాడు: ఇంటి నంబరెంత, తండ్రి పేరేమిటి? మావాడు నీళ్లు నమిలాడా, ఓటు పోయె, పక్కనే పోలీసు. అభ్యంతరం నిజమని తేలినా, తేలకపోయినా సదుద్దేశంతో చెప్పిందైతే చాలు, ఆ రెండు రూపాయలు కూడా వెనక్కిచ్చేస్తారు! మేం పంచిన కవరు మాత్రం ఇంతవరకూ ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఊళ్లో లేనివాళ్లు, వేరేచోటికి మారినవాళ్లు, చనిపోయినవాళ్ల పేర్లతో అధికారులు ప్రతి బూత్‌కూ ఒక జాబితా ఇస్తారు. దాన్ని ఏజెంట్లు దయచేసి మడతపెట్టి జేబులో ఉంచుకోవాలి. ఆ పేరుతో ఎవరైనా రాగానే జాబితా విప్పి వేలు పెట్టడం మర్యాద కాదు. చనిపోయినవాళ్లలో మా అభిమానులే ఎక్కువ, వాళ్లకు తిరుగు ప్రయాణం ఖర్చు కూడా ఉండదు.

ఇక పొద్దున్నే మాక్ పోల్ అంటూ లేవడం ఎందుకు? అసలు పోలింగ్‌కు 90 నిమిషాల ముందు కనీసం 50 ఓట్లు వేసి, మిషన్ లెక్కా వీవీప్యాట్ స్లిప్పుల లెక్కా కలిశాయో లేదో చూసి, ఆ ఓట్లు తుడిచేసి, సీళ్ల నంబర్లు రాసుకోవాలట. ఏజెంట్లు రాకపోతే 15 నిమిషాలు చూసి మొదలుపెట్టేస్తారు, కాబట్టి నిద్రపోవడమే శ్రేయస్కరం. ఒక్క మాట: అధికారి ఆ 50 ఓట్లు తుడవడం మరిచిపోతే ఓటర్ల రిజిస్టర్ కంటే మిషన్‌లో ఓట్లు ఎక్కువ తేలి కౌంటింగ్ రోజు రభస అవుతుంది. దానికి మా బాధ్యత లేదు, ఈ ఒక్కటీ నిజంగా పొరపాటే.

మీ ఓటు ఎవరో వేసేశారా? నోరు మూసుకుని ఇంటికెళ్లండి. టెండర్ ఓటు అడిగితే కాగితం బ్యాలెట్ ఇచ్చి విడిగా కవరులో దాస్తారు. మామూలుగా లెక్కలోకి రాదు గానీ, కోర్టుకెళితే అదే బయటికొస్తుంది. 2008లో రాజస్థాన్ నాథ్‌ద్వారాలో అసెంబ్లీ అభ్యర్థి సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడారని మాకూ తెలుసు, అందుకే ఇంత భయం.

ఎన్నికల అక్రమాలపై ఫిర్యాదులకు ఎన్నికల సంఘం పెట్టిన సీ-విజిల్ యాప్ మరీ దుర్మార్గం. పాత ఫొటో గ్యాలరీలోంచి పంపితే ఒప్పుకోదు, అక్కడికక్కడ తీసిందే కావాలి. అందుకే పంపకాల వేళ వీధి దీపాలు ఆర్పమంటున్నాం, కరెంటు ఆదా కోసమే. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయొచ్చు, 100 నిమిషాల్లో తేల్చాలని లక్ష్యమట. అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షల ఖర్చు పరిమితి పెట్టి, ఫలితాలయ్యాక 30 రోజుల్లో లెక్క చెప్పమనేవాళ్లకు ఇంకా ఏం కావాలి? టీలు, సమోసాలు, షామియానాల రేట్లన్నీ వాళ్లే కట్టిపెట్టారు. కవర్ల రేటు మాత్రం ఆ పట్టికలో వేయలేదు, మేం ఏ పద్దులో రాసుకోవాలి?

సాయంత్రం ఏజెంట్లకు బిర్యానీ మేమే పెడతాం. ఫారం 17సీ నకలు చేతికందే వేళకే వేడివేడిగా వడ్డిస్తాం. ఆ కాగితంలో మొత్తం పోలైన ఓట్ల సంఖ్య ఉంటుంది, కౌంటింగ్ టేబుల్ దగ్గర పోల్చి చూసే పిచ్చి కొందరికి పట్టుకుంది. బిర్యానీ చల్లారితే బాగుండదు కదా.

చివరి విన్నపం: 49-జె రుసుమును కనీసం రెండు వేలకు పెంచాలి. అంతవరకూ పోలింగ్ ముందురోజే ఊళ్లోని కిరాణా కొట్లలో రెండు రూపాయల బిళ్లలన్నీ మేమే కొనేస్తాం.