జంట కత్తుల దొరలకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ పొడుగు కత్తి కటానాగారికి, వారి తమ్ముడు పొట్టి కత్తి వాకిజాషిగారికి,

నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాను. నిన్న మధ్యాహ్నం ఆఫీసుకు సెలవు పెట్టి, టోక్యోలో ఓ మ్యూజియంలో తమ దర్శనానికి వచ్చిన భక్తుణ్ణి. ఆహా, ఏం అలంకారం! నిగనిగలాడే నల్ల లక్క ఒరలు, పిడికి తెల్లటి టేకు చేప తోలు, దానిమీద నల్ల పట్టుతాడు అల్లిక. అద్దానికి ముక్కు ఆనించి మురిసిపోతుంటే పక్కన చీటీ కనబడింది. లోపల ఉన్నవి చెక్క కత్తులట!

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు మావాళ్లు. ఇక్కడ ఒరలు రెండున్నాయి, కత్తి ఒక్కటీ లేదు.

అసలువి ఏవి మహాప్రభో అని అడిగితే, స్టోర్‌రూములో పడుకున్నాయన్నారు. వాటికి వేరే ఒరలట. రంగు లేదు, నగిషీ లేదు. హోనోకి అనే జపాన్ చెట్టు చెక్కలు రెండు అన్నం జిగురుతో అంటించారు, అంతే. ఉక్కుకు తుప్పు పట్టకూడదు, అవసరమైతే ఒర విప్పి శుభ్రం చేసుకోవాలి, అందుకని. సబబే, కాదనను. కానీ ఉక్కు కత్తికేమో ఉత్త చెక్క, ఉత్త చెక్కకేమో లక్క ఒరా!

జపాన్‌ని షోగన్ అనే సేనాపతులు ఏలిన ఎడో కాలంలో తమరి దర్జా ఏమిటి! జంటగా నడుముకు దోపుకునే హక్కు సమురాయ్ యోధులకు తప్ప ఇంకొకరికి లేదు. షోగన్ కోటకు వెళ్లాలంటే అన్నగారి ఒర చివర పలకగా, తమ్ముడిగారిది గుండ్రంగా ఉండాలని పట్టింపులు. 1876లో మెయిజీ ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో ఇద్దర్నీ నడుం మీంచి దించేసింది. తర్వాత పిడికి ముందుండే సుబా బిళ్లలు విడివిడిగా అమ్ముడుపోయి, సంసారం చెట్టుకొకటి పుట్టకొకటి అయింది. పోనివ్వండి, పాత గొడవలు.

చెక్క సంగతి మాత్రం వదలను. పూర్వం అప్పులపాలైన సమురాయ్ కత్తి తాకట్టు పెట్టి, ఒరలో వెదురుబద్ద దోపుకుని మీసం తిప్పేవాడట. పాపం, అతనికి ఆకలి. మీకేం వచ్చింది? పైన పటారం, లోన లొటారం, పైగా దానికి చీటీ కూడానా? మట్టి పూసి, కాల్చి, నీళ్లలో ముంచితే అంచున తెల్లగా తేలుతుందే ఆ హమోన్ అల, దాన్ని చూద్దామని వచ్చాను. బద్దలు చూడ్డానికి టికెట్టెందుకు, మా వీధి చివర అడితి లేదా?

అయినా ఆ మెనుకి దగ్గర, అదే, పిడి మీద బిగించే బుల్లి లోహపు బొమ్మ దగ్గర ఆగిపోయాను. అల్లిక కింద సగం దాక్కున్న బుల్లి బంగారు డ్రాగన్, ఒక్కో పొలుసూ విడిగా తెలుస్తోంది. పిడి పట్టుకుంటే అరచేతి కింద మాయమయ్యే చోట, ఎవడు చూస్తాడని చెక్కావయ్యా అంత ఓపిగ్గా? పక్కనే షాకుడో పట్టీ, రాగిలో కాస్త బంగారం కలిపి నల్లబరిచిన లోహం. దానిమీద చేపగుడ్లంతేసి చుక్కలు, ఒక్కోటీ విడిగా పోటు కొట్టినవే, ఒక్క వరస తప్పలేదు. అక్కడ నా కోపం చల్లారిందనే చెప్పాలి.

బయటికొస్తూ కనుక్కున్నాను. వచ్చే నెల కత్తులు బయటికి తీస్తారట. అప్పుడు ఒరలు లోపలికి పోతాయట! ఒక్క అద్దాల పెట్టెలో పక్కపక్కన పెట్టడానికి ఏం రోగం?

ఇట్లు,
టికెట్టు డబ్బులకు కడుపు మండుతున్న
తమ విధేయుడు