తప్పు తల్లులది కాదు
చదువుకున్న తల్లులు అందం పాడవుతుందని పిల్లలకు పాలివ్వడం మానేస్తున్నారని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట నేను అస్సలు ఒప్పుకోను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లే. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 40 శాతం కూడా లేరు. ఈ రెండూ కలిపి చూడాలి కదా. మా చెల్లెలికి ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. తనను థియేటర్ నుంచి వార్డుకు తెచ్చేలోపే బిడ్డకు డబ్బా పాలు పట్టేశారు. కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని మనిషికి బిడ్డను ఎలా పట్టుకోవాలో, రొమ్ము నోటికి ఎలా అందించాలో చూపించిన వాళ్లే లేరు. పైగా చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా "ఇంకా పాలు పడలేదా?" అని అడగడం. ఆ టెన్షన్‌కి పాలు దిగడం ఇంకా కష్టమవుతుంది. నిజానికి మొదటి రెండు మూడు రోజులు వచ్చేది కొద్దిపాటి ముర్రుపాలే, సాధారణంగా బిడ్డకు అవి సరిపోతాయి. బిడ్డ ఎంత చీకితే పాలు అంత పడతాయి. డబ్బా అలవాటైతే ఆ చీకడమే తగ్గిపోతుంది. ఇంటికొచ్చాక ఆశా కార్యకర్త పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పితేనే చెల్లెలు కుదుటపడింది. ప్రతి కాన్పుల వార్డులో ఈ పని బాగా తెలిసిన ఒక నర్సును దీనికే కేటాయించాలి, అందులోనూ ఆపరేషన్ అయిన తల్లులకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి.